తపాలా బిళ్ల మీద చేయి, శాసనం మీద పేరు

(అవినాశిలో చేసిన స్మారకోపన్యాసానికి ముద్రిత పాఠం)



ఈ ఉపన్యాస నిధి ఒక పోస్టుమాస్టరుగారి జ్ఞాపకార్థం ఆయన పిల్లలు పెట్టింది. ఆయన పుట్టింది మగ్గం ఇంట్లో, కొలువు చేసింది తపాలా శాఖలో. ఆయన పోగుచేసిన బిళ్లల్లో రాజులూ మంత్రులూ తక్కువ. నేత, కొలిమి, గానుగ, కుమ్మరిసారె, తోలుపని, ఇవే ఎక్కువ. పాతకాలపు చేతివృత్తుల సంఘాల గురించి, తపాలా బిళ్లల మీద ఆ వృత్తులకు దొరికిన చోటు గురించి చెప్పమని ఈ ఏడు నన్ను పిలిచారు. నేను శాసనాలు చదువుకున్నవాణ్ణి. అందుకని రాతి దగ్గర మొదలుపెట్టి కాగితం దగ్గరికి వస్తాను.

అసలు ముట్టకుండా వడ్డీతో ఒక మంచిపని సాగించే పద్ధతి మనకు కొత్తది కాదు. నాసిక్ దగ్గర పాండవ్‌లేణి కొండ మీద పదో గుహలో ఒక ప్రాకృత శాసనం ఉంది. క్షహరాత రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు వేయించినది. దాదాపు 1900 ఏళ్ల నాటిది. అందులో లెక్క అణా పైసలతో సహా తేలిపోతుంది. 3000 కార్షాపణాలు గోవర్ధనంలోని సాలెవారి శ్రేణుల దగ్గర ఉంచాడు. ఒక శ్రేణికి 2000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకో శ్రేణికి 1000, నెలకు నూటికి ముప్పావు వడ్డీ. 2000 మీద ఏడాదికి 240 వస్తుంది. గుహలో వానాకాలం గడిపే 20 మంది భిక్షువులకు తలా 12 చొప్పున బట్టల ఖర్చుకు సరిగ్గా సరిపోతుంది. అసలు ఎన్నటికీ తిరిగి ఇవ్వక్కర్లేదు, వడ్డీ మాత్రమే చెల్లించాలి. ఈ సంగతిని నిగమసభలో చదివి వినిపించి, పలక మీద రాయించారు.

రాజుగారి అల్లుడు తన సొమ్మును సాలెవారి చేతుల్లో పెట్టాడు. చంద్రసూర్యులు ఉన్నంతకాలం సాగాల్సిన ధర్మానికి వారి సంఘమే పూచీ. రాజ్యాలు పోవచ్చు, సాలెవారి సంఘం నిలుస్తుందని ఆనాటి మనిషికి నమ్మకం. మన నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శాసనంలోనూ ఇదే ఏర్పాటు కనిపిస్తుంది. అక్కడ తమలపాకులవారి శ్రేణి, పిండివంటలు చేసేవారి శ్రేణి నిధులకు పూచీపడ్డాయి. పూర్వపు వృత్తి సంఘం అంటే పనివాళ్ల గుంపు అని మాత్రమే అనుకుంటే దాని బలం మనకు అర్థం కాదు. ధరలూ, పని నాణ్యమూ, పిల్లవాడికి పని నేర్పే కట్టుబాటూ దాని చేతిలోనే ఉండేవి. బ్యాంకూ అదే, సాక్షీ అదే.

ఇక అదే నాసిక్‌కు 1955లో వద్దాం. మన తపాలా బిళ్లలు అచ్చయ్యే ఇండియా సెక్యూరిటీ ప్రెస్ అక్కడిదే. ఆ ఏడు జనవరిలో పంచవర్ష ప్రణాళిక వరస విడుదలైంది. మూడు పైల బిళ్ల మీద ట్రాక్టరు, ఆరు పైల బిళ్ల మీద మరమగ్గం, తొమ్మిది పైల బిళ్ల మీద ఎద్దులతో నీరు తోడే బావి, రెండణాల బిళ్ల మీద రాట్నం వడికే స్త్రీ, మూడణాల బిళ్ల మీద చేమగ్గం నేసే స్త్రీ. ఆ పైన ఆనకట్టలు, చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారం, సింద్రీ ఎరువుల కర్మాగారం. ఎనిమిదేళ్ల కిందటి దాకా ఇంగ్లండు రాజు తల ఉన్న చోట ఒక నేతపని స్త్రీ కూర్చుంది. ఇది చిన్న సంగతి కాదు. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశం తన ముఖం ఎలా ఉండాలో ఆలోచించి, పనిచేసే మనిషిని ఎంచుకుంది. ఆ వరసను రూపొందించినవారికి నేను చేతులెత్తి మొక్కుతాను.

కానీ గుహలో రాతినీ, ఆ ప్రెస్సులో అచ్చయిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రాతి మీద సాలెవారికి ఊరు ఉంది, సంఘం ఉంది, పరపతి ఉంది, పద్దు ఉంది. కాగితం మీద మగ్గం ముందు కూర్చున్న స్త్రీకి చేతులు ఉన్నాయి. ఆమె ఎవరో, ఏ ఊరిదో, ఏ సంఘానిదో బిళ్ల చెప్పదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే.

తర్వాతి కాలంలోనూ ఇదే వరస. 1979లో మొదలైన వ్యవసాయ, గ్రామాభివృద్ధి వరసలో రూపాయి బిళ్ల మీద పత్తి, రెండు రూపాయల బిళ్ల మీద మగ్గం. 2009లో సంప్రదాయ వస్త్రాల బిళ్లలు నాలుగు వచ్చాయి: కలంకారీ, అపతానీ నేత, కంచి పట్టు, బెనారస్ పట్టు. చాలా అందమైన బిళ్లలు. కలంకారీ మీద కాళహస్తి, మచిలీపట్నం జ్ఞాపకం వస్తాయి. కంచి పట్టు మగ్గాల దగ్గరికి ఆంధ్రదేశం నుంచి వెళ్లిన నేతగాళ్ల కథ పెద్దలు చెబుతారు. బిళ్ల మీదికి మాత్రం బట్ట ఒక్కటే వచ్చింది.

మరి పనివాడు పేరుతో సహా బిళ్ల మీదికి ఎప్పుడు వచ్చాడు? వచ్చాడు. 1952లో సంతుల, కవుల వరసలో తొమ్మిది పైల బిళ్ల మీద కబీరు. నేతపని చేసిన మనిషి, సంతుడుగా వచ్చాడు. 1960లో తిరువళ్లువరు. మైలాపూరులో మగ్గం నేశాడని తమిళుల ఐతిహ్యం, బిళ్ల మీద ఉన్నది కవి. 1971లో చెప్పులు కుట్టిన రవిదాసు, ఆయనా సంతుడే. మనకు కూతవేటు దూరంలోని తిరుప్పూరు కుమరన్ చెన్నిమలై నేతవారి బిడ్డ. 1932 జనవరి 11న జెండా వదలకుండా ప్రాణం వదిలాడు. 2004లో శతజయంతికి ఆయన మీద బిళ్ల తెచ్చారు, దేశభక్తుడుగా. 2022 ఆగస్టులో ఒండివీరన్ బిళ్ల వచ్చింది. పాళెగాడు పులిదేవర్ సేనానిగా తెల్లవారితో పోరాడిన వీరుడు, తోలుపనివారైన అరుంధతియర్ల బిడ్డ.

వీళ్లందరికీ ఆ గౌరవం తగినదే. అయితే పోల్చి చూడండి. పని కనిపించిన చోట పేరు లేదు. పేరు కనిపించిన చోట మనిషి పని దాటి సంతుడో కవియో వీరుడో కావాల్సి వచ్చింది. బాగా నేసినందుకు, బాగా కుట్టినందుకు పేరుతో బిళ్ల మీదికెక్కిన మనిషి నేను చూసిన ఆల్బముల్లో దొరకలేదు.

ఈ కొరత మనకు మాత్రమే ఉన్నది కాదు. 1994లో జర్మనీ హాన్స్ సాక్స్ 500వ జయంతికి బిళ్ల వేసింది. న్యూరెంబర్గులో చెప్పులు కుట్టిన మేస్త్రీ ఆయన. పాటలు కట్టే మేస్త్రీల సంఘంలో పెద్ద. 1568లో ఫ్రాంక్‌ఫర్టులో యోస్ట్ అమ్మన్ చెక్కిన 114 బొమ్మలకు ఆయన పద్యాలు రాశాడు. ఒక్కో బొమ్మలో ఒక్కో వృత్తి. కాగితం చేసేవాడి దగ్గర నుంచి తోలు ఊనేవాడి దాకా. ఐరోపాలో పాతకాలపు వృత్తుల బొమ్మ అనగానే చాలామందికి మనసులో మెదిలేది ఆ పుస్తకమే. అయినా ఆయన్ను లోకం తలుచుకునేది కవిగా. సంఘానికి సంఘంగా ముఖం ఇచ్చినవాడు రెంబ్రాంట్. 1662లో ఆంస్టర్‌డాంలో బట్టల నాణ్యం చూసే సంఘాధికారులు అయిదుగురినీ, వారి సేవకుణ్ణీ ఒకే పటంలో గీశాడు. వారి పేర్లు ఇప్పటికీ తెలుసు. రెంబ్రాంట్ పటాలు ఎన్నో దేశాల బిళ్లల మీద అచ్చయ్యాయి. వృత్తీ, సంఘమూ, పేరూ మూడూ ఒక్క చట్రంలో ఇమడవని ఎవరైనా అంటే నేను ఆ పటాన్ని చూపిస్తాను.

అంత దూరం పోనక్కర్లేదు, మన అమరావతి ఉంది. స్తూపానికి దానం ఇచ్చినవారి పేర్లలో ఒక చర్మకారుడి పేరు ఉంది, విధికుడు. నాగోపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు నాగుడు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు, వీరందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక దానం చేసినట్టు రాయించాడు. తోలుపని చేసేవాణ్ణని తన పేరుకు ముందు రాయించుకున్నాడు. తండ్రి ఉపాధ్యాయుడు, ఆ పేరు ఒక్కటే చాలనుకోలేదు, వృత్తీ కావాలనుకున్నాడు. మన తపాలా బిళ్లల్లో నాకు ఇంకా కనిపించని పనిని కృష్ణ ఒడ్డున ఒక తోలుపనివాడు దాదాపు 1800 ఏళ్ల కిందట చేసి చూపించాడు. ఆ శాసనం నకలు చేతిలోకి వచ్చినప్పుడల్లా నాకు గుండె నిండుతుంది.

ఇప్పుడు కొంగునాటికి వద్దాం. ఈ నేల మీద వృత్తి సంఘాల శాసనం అనగానే ముందు చెప్పవలసింది కమ్మాళర్లది. మన తెలుగుదేశంలో పంచాణంవారు అంటాం: కంసాలి, కమ్మరి, కంచరి, వడ్రంగి, శిల్పి. కోనేరిన్మైకొండాన్ అన్న బిరుదుతో ఒక రాజు ఇచ్చిన ఆజ్ఞ ఇది. కరూరు పశుపతీశ్వరాలయంలో ఒక ప్రతి, కోయంబత్తూరు పక్కన పేరూరు గుడిలో ఇంకో ప్రతి ఉన్నాయి. పదిహేనో పాలనా సంవత్సరం ఆడి మాసం మొదలు కమ్మాళర్లు తమ ఇళ్ల పెళ్లిళ్లలో, చావుల్లో జంట శంఖాలు ఊదించుకోవచ్చు, భేరి మోగించుకోవచ్చు. ఇల్లు కదిలి వెళ్లేటప్పుడు కాళ్లకు చెప్పులు తొడుక్కోవచ్చు. ఇంటి గోడలకు గచ్చు పూసుకోవచ్చు. అంతే. పన్ను తగ్గింపు లేదు, భూమి లేదు, బంగారం లేదు.

ఆలోచించండి. ఈ అవినాశి గుడి రాళ్లు చెక్కినవారూ, కరుణాంబిక నగలు చేసినవారూ, తేరు చక్రాలకు ఇరుసు పోసినవారూ ఆ కులాలవారే. దేవుడి గోపురానికి గచ్చు పూసే చేయి తన ఇంటి గోడకు పూసుకోవాలంటే రాజాజ్ఞ కావాల్సి వచ్చింది. సంఘంగా కూడి అడిగారు గనక ఆజ్ఞ వచ్చింది, రాయి మీద పడింది. ఒంటరిగా ఒక కంసాలి వెళ్లి అడిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

దీనికి తోబుట్టువు లాంటి పత్రం గోదావరి సీమలో దొరికింది. టేకి రాగిరేకులు. 11వ శతాబ్ది చివర, కులోత్తుంగ చోళుడి కొడుకు వేంగిని ఏలుతున్నప్పుడు తెలికివారికి ఇచ్చినవి. నూనె వర్తకం చేసే ఆ పెద్ద సంఘాన్ని శాసనాలు తెలికి వేవురు అంటాయి. బెజవాడ వారి కేంద్రం. వారికి దక్కిన మర్యాదల్లోనూ పెళ్లే ముందుంది: వధూవరులు గుర్రమెక్కి వీధుల్లో ఊరేగవచ్చు, రాజు దగ్గర తాంబూల మర్యాద అందుకోవచ్చు. చరిత్ర పుస్తకాలు శ్రేణుల వర్తకం గురించీ ఓడల గురించీ చాలా రాశాయి. సుమత్రాలోని బరూసులో 1088 నాటి అయినూఱ్ఱువర్ వర్తక సంఘపు శాసనం, మోటుపల్లిలో గణపతిదేవుడి అభయ శాసనం, ఇవన్నీ గొప్పవే. నన్ను పట్టి నిలిపేవి మాత్రం ఈ పెళ్లి మర్యాదలు. పనివాడు డబ్బు ఎలాగో సంపాదించుకుంటాడు. నలుగురి ముందు తలెత్తుకుని నడిచే హక్కు సంఘం చేతనే వస్తుంది.

కమ్మాళర్ల శాసనాన్ని పొగిడి అక్కడితో ఆగిపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. వారికి చెప్పులు తొడుక్కునే హక్కు వచ్చింది. ఆ చెప్పులు ఎవరు కుట్టారు? కుట్టినవారి ఊసు ఆ శాసనంలో లేదు. ఆ తర్వాత ఎన్నో తరాల పాటు ఈ సీమ పల్లెల్లో పై కులాల వీధుల్లోకి రాగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచింది వాటిని కుట్టినవారే. సంఘాలకు బలం ఉండేది. ఆ బలం తమకంటే కింద అనుకున్నవారి కోసం వాడటం అరుదు. మధ్యయుగపు శ్రేణులను స్వర్గంలా వర్ణించే వ్యాసాలు చదివినప్పుడు నాకు ఈ శాసనంలో కనిపించని ఆ మనుషులు గుర్తుకొస్తారు.

వారు ఇక్కడ మనవాళ్లు. తెలుగు మాట్లాడేవాళ్లు. విజయనగర సైన్యాల వెంటా, ఆపైన విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల ఏలుబడిలోనూ తెలుగువారు ఈ దక్షిణ సీమకు తరలివచ్చారు. కమ్మవారు, బలిజలు, రెడ్లు, కంబళత్తు నాయకులు వచ్చిన కథ అందరూ చెబుతారు. సైన్యానికి జీను కావాలి, చెప్పు కావాలి, తోలుసంచి కావాలి. కోటకు రాయి కావాలి, చెరువుకు కట్ట కావాలి. తోలుపనివారు, రాతిపని మట్టిపని చేసే వడ్డెర్లు లేకుండా ఏ పాళెమూ నిలిచి ఉండదు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల గురించి అచ్చువేసిన సంపుటాల్లో ఇక్కడి చక్కిలియర్లను తెలుగు, కన్నడ సీమల నుంచి వచ్చినవారిగా రాశాడు. ఇప్పుడు వారిని అరుంధతియర్లు అంటున్నాం. వడ్డెర్లు ఇక్కడ బోయర్లు. దేవాంగుల్లో ఈ వైపు కన్నడం మాట్లాడేవారు ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. కోయంబత్తూరులో విజయదశమినాడు చౌడేశ్వరమ్మ ఊరేగింపులో కత్తులు రొమ్మున తాటించుకుంటూ వారు పెట్టే 'తీసుకో తాయీ' కేక వినండి. ఇంట్లో ఏ భాష మాట్లాడినా దేవత ముందు పలికేది ఆ కేకే.

వలస వచ్చిన సంఘం ఏమవుతుందో మందసోరు శాసనం ముందే చెప్పింది. లాటదేశం నుంచి దశపురానికి వచ్చిన పట్టునేతవారి శ్రేణి 437లో సూర్యుడికి గుడి కట్టింది, 473లో బాగుచేయించింది. ఆ మధ్యలో కొందరు నేతలో ఉండిపోయారు, కొందరు విలువిద్యకు, కొందరు జ్యోతిషానికి మళ్లారు. పని మారినా శ్రేణి పేరుతోనే గుడి బాగుచేశారు. కొంగునాటి తెలుగువారి సంగతీ అంతే. మనలో ఎంతమంది ఇప్పుడు తాతల పనిలో ఉన్నారు? అయినా పెళ్లి పత్రికలో ఆ సంఘం పేరు చెక్కుచెదరదు.

తొమ్మిది పైల బావి బిళ్ల దగ్గరికి ఇప్పుడు తిరిగి వెళ్లాలి. ఎందుకంటే ఆ బావి మన కథ.

మన కొంగునాడు పడమటి కనుమల వాననీడ సీమ. ఉత్తరాన భవాని, దక్షిణాన నొయ్యల్, మధ్యలో అవినాశి మెరక. నీరు కావాలంటే రాయి తొలిచి లోతుకు దిగాలి. ఆ లోతు తవ్వింది వడ్డెర్లు. గడ్డపార, సమ్మెట, తర్వాతి రోజుల్లో మందుగుండు. బావి అయ్యాక గిలక వడ్రంగి చేయాలి, ఇనుప కట్టు కమ్మరి చేయాలి. నీళ్లు తోడే బాన తోలుపనివారు కుట్టాలి. ఇక్కడ దాన్ని కవలై అంటారు, తెలుగు సీమల్లో కపిల, మోట. 1800లో కోయంబత్తూరు సీమ తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ తన యాత్రా గ్రంథంలో ఈ బావుల గురించీ మగ్గాల గురించీ రాశాడు.

బాన పనితనం తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. పైన వెడల్పు నోరు, దానికి గుండ్రటి ఇనుప కట్టు. కింద అడుగు ఉండదు. దానికి బదులు ఏనుగు తొండంలా పొడుగాటి తోలుగొట్టం. రెండు మోకులు. లావుది బాన నోటికి కట్టి, పై గిలక మీదుగా ఎద్దుల కాడికి. సన్నది తొండం కొసకు కట్టి, బావి గట్టున ఉన్న దొర్లుడు కర్ర మీదుగా అదే కాడికి. ఎద్దులు పల్లపు దారిలో దిగుతుంటే రెండు మోకులూ ఒకేసారి లాగుతాయి. తొండం పైకి మడిచి ఉంటుంది గనక నీరు కారదు. బాన గట్టు దాటి పైకి లేచేసరికి, సన్నమోకు పొడవు సరిగ్గా కొలిచి కట్టి ఉంటుంది కాబట్టి, తొండం కొస తొట్టిలోకి వాలి నీళ్లన్నీ వాటంతట అవే కుమ్మరించుకుంటాయి. ఎవరూ చేయి పెట్టి వంచనక్కర్లేదు. ఒక మనిషి, ఒక జత ఎద్దులు చాలు. ఆ మోకు పొడవు జానెడు తప్పితే నీళ్లు మళ్లీ బావిలోకే. ఇంత లెక్క తెలిసిన పనిని మొరటు పని అనడానికి నోరెలా వచ్చిందో నాకు అర్థం కాదు.

ఆ తోలు తయారీ ఇంకో శాస్త్రం. పచ్చి చర్మం సున్నంలో నానబెట్టి వెంట్రుకలు గీకాలి. లందలో తంగేడు చెక్క నీళ్లు పోసి రోజుల తరబడి ఊనాలి. ఆరాక ఆముదం పట్టించి మెత్తబరచాలి. రంపెతో కోసి, ఆరెతో పొడిచి, తోలువారుతోనే కుట్టాలి. కుట్టు నీటికి ఉబ్బి తానే బిగుసుకుంటుంది. ఏడాదంతా నీళ్లలో నానే వస్తువు అది. బాగుచేయడం కూడా వారి పనే. కూలి ఏ పూటకాపూట కాదు, కళ్లంలో గింజలుగా. తంగేడు మీద వారికి ఎంత గౌరవమంటే, పెళ్లిలో తాళిని ముందు తంగేడు కొమ్మకు కట్టి, ఆ తర్వాతే పెళ్లికూతురికి కట్టే ఆచారాన్ని థర్‌స్టన్ సంపుటాలు నమోదు చేశాయి. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే పువ్వూ అదే. తమ పనికి మూలమైన చెట్టుకు తొలి తాళి కట్టించిన మనుషులకు శాసనం దక్కలేదు. శాసనం వేయించుకునే స్తోమత ఉన్న సంఘాల్లో వారిని కలుపుకోలేదు.

1930లలో పైకారా జలవిద్యుత్తు ఈ సీమకు వచ్చింది. కోయంబత్తూరులో జి.డి. నాయుడుగారు, బాలసుందరం నాయుడుగారు మోటార్ల తయారీకి దిగారు. పంపుసెట్ల పరిశ్రమ దేశానికే పేరుమోసింది. అది మనం గర్వపడే చరిత్రే, అందులో తెలుగువారి పాలు చాలా ఉంది. మోటారు వచ్చిన ప్రతి బావి దగ్గరా ఒక బాన అటకెక్కింది. కుట్టినవారి కళ్లపు గింజలు ఆగిపోయాయి. 1955లో నాసిక్‌లో ఆ బావి బొమ్మ అచ్చవుతున్నప్పటికే ఈ మార్పు మొదలై చాలాకాలం అయింది. తర్వాతి తరాల వారిని పట్టణాలు పారిశుద్ధ్యం పనిలోకి తోశాయి. 2009లో తమిళనాడు ప్రభుత్వం అరుంధతియర్లకు ఎస్సీ కోటాలోనే ప్రత్యేకంగా 3 శాతం కేటాయించింది. కమ్మాళర్ల ఆజ్ఞ చదివిన నాకు ఆ చట్టం ఎన్నో వందల ఏళ్లు ఆలస్యంగా వచ్చిన శాసనంలా కనిపించింది.

ఇప్పుడు చెరువుల వైపు నుంచీ కొంత ఊరట. అత్తికడవు–అవినాశి పథకం 2024 ఆగస్టులో మొదలై, భవాని మిగులు నీటిని 1045 చెరువులకూ కుంటలకూ చేరుస్తోంది. ఆ కట్టలు మొదట పోసిన చేతులు ఎవరివో ఇప్పటికైనా రాసిపెట్టుకోవాలి.

అందుకే ఒక పని ప్రతిపాదిస్తున్నాను. తపాలా శాఖకు సలహాలివ్వడానికి ఫిలాటెలిక్ అడ్వైజరీ కమిటీ ఉంది. బిళ్ల అంశాన్ని ఎవరైనా ప్రతిపాదించవచ్చు. మనం అడగవలసింది నాలుగు బిళ్లల వరస. ఒకదాని మీద నాసిక్ గుహ శాసనపు అక్షరాలూ, వాటి కింద మగ్గమూ. రెండోదాని మీద అమరావతి పూర్ణఘటం పలక, కింద 'చర్మకారుడు విధికుడు' అన్న పేరు. మూడోదాని మీద పేరూరు కమ్మాళర్ల శాసనం, జంట శంఖాలు. నాలుగోదాని మీద కొంగు బావి: ఎద్దులు, మోకులు, తొండం తొట్టిలోకి వాలిన బాన.

బిళ్ల రావడానికి ఏళ్లు పడుతుంది. దానికంటే ముందు చేయగలిగింది ప్రత్యేక కవరు. పోస్టల్ సర్కిల్ స్థాయిలోనే వేయించవచ్చు, దాని మీద కొట్టే బొమ్మ ముద్ర కూడా దానికంటూ వేరే ఉంటుంది. నాలుగో బొమ్మతో, అవినాశి పోస్టాఫీసు ముద్రతో మొదటి కవరు రావాలి. ఆ బొమ్మ పుస్తకం చూసి గీస్తే కుదరదు. మోకు ఎక్కడ కట్టారో, కుట్టు ఎటు నుంచి ఎటు పోయిందో తెలిసినవారు పక్కన కూర్చుని గీయించాలి. ఈ చుట్టుపక్కల అటకల మీద పాత బాన కట్లు ఇంకా ఉండి ఉంటాయి. బాన కుట్టిన చేతులు ఉన్న ఇళ్లూ ఉంటాయి. ఆ పెద్దలు ఎనభై దాటి ఉంటారు. సభ అయ్యాక ద్వారం దగ్గర ఒక పుస్తకం పెట్టిస్తున్నాను. మీ ఊళ్లో అలాంటి తాతగారో అవ్వగారో ఉంటే ఊరి పేరు, ఇంటి గుర్తు రాయండి. మేమే వస్తాం. కవరు వెనుక అచ్చువేయడానికి నాలుగైదు వాక్యాల చోటు ఉంటుంది. తమ పేరు అక్కడ ఉండాలా వద్దా, ఉంటే ఎలా రాయాలి, పక్కన ఏ పని పేరు రాయాలి అన్నది వారినే అడిగి, వారు చెప్పినట్టే మొదటి వాక్యం రాద్దాం.